జపాను బండికి తలుగు ఏది?

హాతీరాంకు చిన్నప్పటి నుంచీ ఒక రోగం ఉంది. ఏ వస్తువు కంటపడినా దాని వెనక్కి పోయి చూడాల్సిందే. పెళ్ళికి పోతే బ్యాండు వాళ్ళ డోలు లోపల ఏముందో వంగి చూసేవాడు. దవాఖానాకు పోతే సూది వెయ్యకముందే మందు సీసా అడిగి తీసుకొని వెలుతురుకు పట్టి చూసేవాడు. "వీనికి ప్రశ్నలు మొలిచినంత జల్దీ మీసాలు మొలవలే" అని తండా అంతా నవ్వుకునేది.

ఆ రోగం అంటించింది తండ్రి రెడ్యానే. రెడ్యా దమ్మపేట వైపు సంతల్లో పశువుల బేరగాడు. అమ్మేవాడి చేతినీ కొనేవాడి చేతినీ తువ్వాలు కింద పట్టుకొని, వేళ్ళు నొక్కి ధర కుదిర్చే రకం. నోరు తెరిచి ఒక్క అంకె చెప్పేవాడు కాదు. ఎద్దును చూడటంలో మాత్రం కొడుక్కి దాచకుండా అంతా నేర్పాడు. నిలబడ్డ ఎద్దును చూడకు, నడిచే ఎద్దును చూడు. ముందు నుంచి చూడకు, వెనక నుంచి చూడు. మెడ మీద చెయ్యి వేసి తోక దాకా రాయి, ఎక్కడ చర్మం వణికిందో అక్కడ ఆగు. సుడి ఎక్కడుందో వెతుకు. "కొమ్ములు చూసి కొన్నోడు దున్నేటప్పుడు ఏడుస్తడు బిడ్డా" అనేవాడు.

కొడుకు నేర్చుకున్నాడు కానీ ఎద్దుల దగ్గర నిలవలేదు. లారీ క్లీనరుగా ఎక్కి, డ్రైవరుగా దిగి, చివరికి ఖమ్మంలో వెంకటప్పయ్య దగ్గర కుదురుకున్నాడు. వెంకటప్పయ్య తునికాకు, వెదురు కాంట్రాక్టులు చేసే సేటు. చర్ల దాకా అడవంతా ఆయన ఆకు ఆరబెట్టే కల్లాలే. ఆయనకు ఉన్న ఒకే ఒక్క బలహీనత, పక్కవాడి దగ్గర లేనిది తన దగ్గర ఉండాలి. డెబ్భై నాలుగులో ఆకు అమ్మకానికి మద్రాసు పోయినాయన, అక్కడ ఏదో విదేశీ ఆఫీసు వాళ్ళు వాడి వేలం వేసిన జపాను కారు పాడుకొని వచ్చాడు. డాట్సన్ బ్లూబర్డ్. పేరుకు అర్థం నీలంపిట్ట అని ఎవరో చెబితే, దసరా నాడు చూస్తే శుభమనే పాలపిట్ట తన ఇంటికే వచ్చిందని సేటు ఊరంతా చెప్పుకున్నాడు.

హాతీరాం ఆ కారును తండ్రి చూసినట్టే చూశాడు. ముందు వెనక్కి పోయాడు. తర్వాత చెయ్యి పెట్టి బానెట్ నుంచి డిక్కీ దాకా రాశాడు. ఎక్కడా అనవసరమైన కండ లేదు. గీత గీసి కోసినట్టు నాలుగు పలకల ఒళ్ళు. సేటును ఎక్కించుకొని కొత్తగూడెం దాటి, పాల్వంచ దగ్గర కిన్నెరసాని వంతెన తర్వాత గుంతల రోడ్డు వచ్చినప్పుడు గానీ అసలు సంగతి తెలియలేదు. కారు ఎగరలేదు. చక్రాలు మాత్రమే ఎగిరాయి. ఆగబట్టలేక బండి ఆపి, రోడ్డు మీదే తువ్వాలు పరిచి కిందికి దూరాడు.

"ఏందిరా, పంక్చరా?" అన్నాడు సేటు కిటికీలోంచి.

"కాదు సేటూ, అంబాసిడర్‌కు వెనక చక్రాలు రెండూ ఒకే కాడికి కట్టిన ఎద్దులు గద. ఒకటి గుంతల పడితే రెండోది కుంటుతది. దీనికి ఎవని కాలు వానిదే. గిట్ల ఎందుకు చేసిండ్రో!"

"ఎందుకో జపానుకు పోయి అడిగి వద్దువుగానీ, ముందు కల్లానికి పోనియ్" అన్నాడు సేటు. అయినా ఆ సాయంత్రం తన స్నేహితులకు ఎవరి కాలు వారిదేనన్న మాట తన మాటగా చెప్పుకున్నాడు. హాతీరాం పక్కనే నిలబడి విన్నాడు.

ఐదేళ్ళు ఆ బండి అడవి రోడ్ల మీద కోడెదూడలా పరుగెత్తింది. డెబ్భై తొమ్మిదిలో సేటు మళ్ళీ మద్రాసు పోయి దాని తర్వాతి తరం బండిని తెచ్చాడు. అదే కంపెనీ, అదే బ్లూబర్డ్ పేరు. చూడటానికి మాత్రం వరసైన చుట్టమని కూడా అనిపించలేదు. మొదటిదానికి లేని బుగ్గలు దీనికి వచ్చాయి. నడుం దగ్గర వంపు, వెనక బరువు, లోపల మెత్తని సీట్లు, గూట్లో దీపాల్లా లోతుగా పెట్టిన మీటర్లు. ఇంజను పెద్దదే, ఒళ్ళు అంతకన్నా పెద్దది. మొదటిది మలుపులో చెయ్యి తిప్పకముందే తిరిగేది. రెండోది ఒక క్షణం ఆలోచించుకొని తిరిగేది.

"నానాటికి తీసికట్టు నాగంభొట్టు" అని సేటు పెదవి విరిచి, దాన్ని ఇంట్లో ఆడవాళ్ళ తిరుగుడుకు ఇచ్చేసి, మొదటిదే తను ఉంచుకున్నాడు. హాతీరాం కూడా అదే మాట అన్నాడు. కానీ వాడి రోగం వాడిని ఊరుకోనివ్వలేదు. ఇంత మంచి బండి చేసినవాళ్ళకు రెండోసారి ఏమొచ్చింది? చేతకాక చేశారా, తెలిసి చేశారా? కనపడ్డవాళ్ళందరినీ అడిగాడు. లారీ మేస్త్రీ, మొదట చేసినవాడు చచ్చిపోయి ఉంటాడన్నాడు. భద్రాచలంలో ఫారెస్టు రేంజరు, జపాను వాళ్ళు ఈ మధ్య అన్నం ఎక్కువ తింటున్నారేమో అన్నాడు. ఆ నవ్వులతో హాతీరాం కడుపు నిండలేదు.

ఆ ఏడాది ఎండాకాలంలో భార్య చాంది, చర్ల దగ్గర ఆకు కోతకు పోయి గుట్ట మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. కబురు వచ్చేసరికి మొదటి బండి సేటుతో హైదరాబాద్ పోయింది. హాతీరాం రెండోదాన్నే తీసుకొని ఉరికాడు. విరిగిన కాలికి వెదురు బద్దలు కట్టి చాందిని వెనక సీట్లో పడుకోబెట్టి భద్రాచలం దవాఖానాకు బయల్దేరాడు. దుమ్ముగూడెం దాకా అది రోడ్డు కాదు, రోడ్డు పేరు పెట్టుకున్న రాళ్ళకుప్ప. ప్రతి గుంతకూ చాంది అరుస్తుందని వీడు పళ్ళు కొరుక్కుంటూ నడిపాడు. ఏ అరుపూ లేదు. భయపడి వెనక్కి తిరిగి చూస్తే, ఆమె నోరు తెరుచుకొని నిద్రపోతోంది. తను ఇన్నాళ్ళూ తిట్టిన ఆ బరువే గుంతలన్నిటినీ మింగేస్తోందని హాతీరాంకు అప్పుడు అర్థమైంది. స్టీరింగు మీద చెయ్యి వేసి నిమిరాడు, సిగ్గుపడ్డాడు కూడా.

కాలు అతుక్కున్నాక చాంది తీర్పు చెప్పేసింది. "మొదటిది నిన్ను చూసి ఉరుకుతది. రెండోది నన్ను చూసి నడుస్తది."

అలా రెండు బండ్లతో పదిహేనేళ్ళు గడిచిపోయాయి. ఊళ్ళోకి మారుతీలు వచ్చాయి, అడవిలోకి జీపులు వచ్చాయి. ఖానాపురం హవేలిలో సేటు కట్టించిన రేకుల షెడ్డు చుట్టూ ఉద్యోగస్తుల ఇళ్ళు లేచాయి. సేటు కాలం చేశాడు. అప్పటికి రెండు పాలపిట్టలూ షెడ్డులో కూర్చున్నాయి. హాతీరాం మాత్రం వారం వారం వచ్చి, ఒకదాని తర్వాత ఒకటి స్టార్టు చేసి, షెడ్డు చుట్టూ తిప్పి, తుడిచి పెట్టేవాడు. ఎందుకని ఎవరైనా అడిగితే, పశువును కట్టేసి ఉంచితే కాళ్ళు పడిపోతాయనేవాడు.

తొంభై నాలుగులో చిన్నసేటు, అంటే వెంకటప్పయ్య కొడుకు, షెడ్డు తీసేసి మేడ కట్టుకుంటానన్నాడు. పాత బండ్లు పోగుచేసే పిచ్చి ఉన్న ఒక పళ్ళ డాక్టరు హైదరాబాద్ నుంచి చూడటానికి వస్తున్నాడనీ, ఆయన దగ్గర చోటు ఒక్కదానికే ఉందనీ, తీసుకోనిది తుక్కు వాళ్ళకు పోతుందనీ చెప్పాడు. డాక్టరు దేన్ని తీసుకుంటాడో హాతీరాంకు తెలుసు. ఎవరైనా మొదటిదే తీసుకుంటారు. మొదటిది పోయినా బతుకుతుంది కదా, రెండోదే దక్కాలి అని మనసులో ముడి వేసుకున్నాడు.

డాక్టరు మంచివాడే. పశువుల బేరగాడి కొడుకు, పళ్ళ డాక్టరు, ఇద్దరికీ మొదటి గంటలోనే జోడీ కుదిరింది. ఇద్దరూ బండి కిందే పడుకొని మాట్లాడుకున్నారు. ఆయన బండి ముందు దీపం అద్దం ఒకటి పగిలితే జపాను నుంచే తెప్పించే రకం. వైపరు బ్లేడు కూడా వేరే కంపెనీది పెట్టడు. బండి పుట్టినప్పుడు ఎట్లుందో అట్లనే ఉండాలంటాడు.

రెండు బండ్లనూ పాల్వంచ దాకా నడిపి వచ్చాక డాక్టరు అడిగాడు. "నువ్వు చెప్పు హాతీరాం. రెండిట్ల ఏది మంచిది?"

"ఎక్కెటోడు ఎవడు సారూ? ఒక్కనివే ఐతే మొదటిది. ఎనక ఎవలన్న పండుకొని ఉంటే రెండోది." అంటూనే ఇన్నేళ్ళ ప్రశ్న అడిగేశాడు. "సారూ, మీరు బుక్కులు సదివినోళ్ళు. మొదలు గంత మంచిగ చేసి, మల్ల గిట్ల ఎందుకు బరువు పెంచిండ్రు?"

డాక్టరు నవ్వలేదు. బండికి ఆనుకొని కూర్చున్నాడు. "మొదటిది అరవై ఏడుల వచ్చింది, రెండోది డెబ్భై ఒకటిల. ఆ నాలుగేండ్లల జపానుల జనం చేతిల పైసలు ఆడినయ్. ముందుగాల సైకిలు దిగి కారెక్కినోడు, కారైతే చాలన్నడు. మల్ల వాని పెండ్లామూ పిల్లలూ ఎక్కిండ్రు. మెత్త సీటు కావాలె, సప్పుడు రావొద్దు అన్నరు. కంపెనీ వాళ్ళ మాట విన్నది. నాసొంటి రేసు పిచ్చోళ్ళు ఇప్పటికీ తిట్టుకుంటనే ఉన్నరు."

"అంటే చేతకాక కాదు" అన్నాడు హాతీరాం.

"కాదు. తెలిసే చేసిండ్రు. ఎనక సీటు కోసం చేసిండ్రు."

హాతీరాంకు గుండెల మీంచి ఏదో బరువు దిగిపోయినట్టయింది. చాంది కాలు విరగ్గొట్టుకొని తెలుసుకున్న సంగతిని జపానులో ఎవరో ముందే ఆలోచించి పెట్టారన్నమాట. పదిహేనేళ్ళు మోసిన ప్రశ్నకు జవాబు దొరికితే మనిషి ఎంత తేలికపడతాడో ఆ రోజు వాడి ముఖం చూస్తే తెలిసేది.

డాక్టరు మొదటిదే తీసుకున్నాడు. హాతీరాం వెంటనే చిన్నసేటు దగ్గరికి పోయి, ఇన్నేళ్ళ చాకిరీకి ఇంకేమీ వద్దు, రెండోది నాకిచ్చెయ్యండి అని చేతులు కట్టుకొని నిలబడ్డాడు. చిన్నసేటు అందులో ఆలోచించేదేముంది, తుక్కు వాళ్ళ బండి కిరాయి మిగిలింది అన్నట్టు సరేనన్నాడు.

డాక్టరు బండి తీసుకుపోయే పొద్దున, ఆయన రాకముందే హాతీరాం షెడ్డుకు పోయాడు. తండా వాళ్ళలో ఒక ఆచారం ఉంది. పశువును అమ్మితే తలుగు, అంటే మెడకు కట్టిన తాడు, ఇవ్వరు. కొన్నవాడు తన తలుగు తను తెచ్చుకోవాలి. అమ్మినదాని వెంట తలుగు కూడా పోతే కొట్టంలో మిగిలిన పశువు నిలవదంటారు. అమ్మింది చిన్నసేటే అనుకోండి, కానీ ఆయనకు తలుగు సంగతేం తెలుసు? మేపినవాడే చూసుకోవాలి. మరి బండికి తలుగు ఏది? తాళంచెవి తీసుకుంటే బండి కదలదు. అద్దం తీసుకుంటే డాక్టరు బాధపడతాడు. వెతగ్గా వెతగ్గా బానెట్ కింద, ఇంజను వెనక ఇనుప గోడకు రివెట్లతో కొట్టిన తమలపాకంత రేకు కనపడింది. దాని మీద ఏవో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు. అది ఉన్నా లేకపోయినా బండి నడుస్తుంది. ఎవరికీ నష్టం లేదని తృప్తిగా దాన్ని ఊడదీసి రుమాల్లో కట్టుకున్నాడు.

రెండో పాలపిట్ట తండా చేరింది. ఎడ్ల కొట్టంలో ఒక పక్క ఎడ్లు, ఒక పక్క బండి. ఆషాఢంలో సీత్లా పండగ వచ్చింది. తండా పశువులకు రోగం రాకుండా సీత్లా తల్లికి మేకను కోసి, దాని పేగులను దారికి అడ్డంగా పరిచి, మందనంతా వాటి మీదుగా దాటిస్తారు. హాతీరాం బండిని కూడా తెచ్చి మంద వెనక నిలబెట్టాడు. తండా నాయకుడు గోప్యా గడ్డం గోక్కున్నాడు.

"ఇది పశువేందిరా?"

"కొట్టంల కట్టేస్తలేనా? మేపుతలేనా?"

"మేపుతున్నవా?"

"పెట్రోలు."

గోప్యా కాసేపు ఆలోచించి, మేపే మాట నిజమే కాబట్టి దాటించమన్నాడు. బండి ఎడ్ల వెనకే నింపాదిగా దాటింది. ఆ తర్వాత కాన్పు నొప్పులు వచ్చిన ఆడవాళ్ళకూ, జ్వరమొచ్చిన ముసలివాళ్ళకూ ఆ వెనక సీటే దిక్కయింది. కిరాయితో హాతీరాం ఇల్లు గడిచింది. అంతకన్నా ముఖ్యంగా, చుట్టుపక్కల తండాల్లో అవసరం వచ్చినప్పుడు ముందు వాడి పేరే తలిచేవారు. ఆ బండి ఆగిపోతే వాడు మళ్ళీ ఎవరి దగ్గరో స్టీరింగు పట్టుకోవాలి, తండా వాళ్ళు మళ్ళీ మంచం మీద మోసుకుపోవాలి.

వానలు వెనకపట్టాక ఒక మధ్యాహ్నం, తండా బయట హాతీరాంకు చప్పుడు వినపడింది. చూడకుండానే లేచి నిలబడ్డాడు. మొదటి పాలపిట్ట. కొత్త రంగు వేసుకొని, ఎర్రమట్టి దారిలో వచ్చి ఆగింది. డాక్టరు దిగాడు. ముఖం బాగాలేదు.

"హాతీరాం, ఇంజను కాడ ఒక రేకు ఉండాలె. పాత ఫోటోల ఉన్నది, ఇప్పుడు లేదు. నీకేమన్న తెలుసా?"

"నా దగ్గరనే ఉంది సారూ" అన్నాడు హాతీరాం తడుముకోకుండా. దాచాల్సిన పని చేశానని వాడికి తోచలేదు. తలుగు ఆచారమంతా చెప్పాడు. డాక్టరు చివరిదాకా విని, నెత్తి పట్టుకొని నులక మంచం మీద కూర్చున్నాడు.

"నంబరు బండి ఒంటి మీద వేరే కూడ కొట్టి ఉంటది, సర్కారుకు అది చాలు. కానీ పాత బండ్లోళ్ళు ఆ రేకు కోసం చూస్తరు. దాని మీద బండి ఏ తరందో, ఏ ఇంజనుతోటి పుట్టిందో ఉంటది. అది లేకుంటే మామూలు బండిని తెచ్చి మేలు రకమని చూపిస్తున్నవంటరు. మొన్న నన్ను గట్లనే అన్నరు, అందరి ముందర."

చాంది గుమ్మంలోంచి కుంటుకుంటూ వచ్చింది. "ఇయ్యకు. తలుగు ఇస్తే మన బండి నిలవదు. రేపు ఎవలకన్న నొప్పులొస్తే ఏం జేస్తవ్?"

హాతీరాంకు తండ్రి గుర్తొచ్చాడు. ఒకసారి సంతకు ఎవడో నిగనిగలాడే ఎద్దును తెచ్చాడు. తొడ మీద పాత యజమాని వాత ఉండాల్సిన చోట తోలు గీకేసి ఉంది. రెడ్యా ఆ మచ్చను చూడగానే తువ్వాలు కిందనుంచి చెయ్యి లాగేసుకొని, అది దొంగ ఎద్దని బేరం వదిలేశాడు. తను తీసింది తలుగు కాదు, వాత. చేతులారా దాని ఆనవాలు చెరిపి మంచివాణ్ణి నలుగురిలో దొంగను చేశాడు. లోపలికి పోయి రుమాలు తెచ్చి, రెండు చేతులతో డాక్టరు ముందు పెట్టాడు.

"తప్పయింది సారూ. తాడనుకొని వాత గీకేసిన."

డాక్టరు రుమాలు విప్పి రేకును వెలుతురుకు పట్టాడు. ఆ సంతోషం రెండు క్షణాలే. చాంది కొట్టంలో బండి పక్కన నిలబడి కళ్ళు ఒత్తుకుంటోంది. హాతీరాం ఆమె వంక చూడలేక నేల చూస్తున్నాడు. ఆచారాన్ని నమ్ముతావా అని ఎవరైనా వాడిని అడిగితే సగం సగం అనేవాడేమో, కానీ ఆ వేళ భయం ఉన్న సగమే పెద్దదైంది.

"అయితే ఇప్పుడు దీనికి తలుగు ఏది?" అన్నాడు డాక్టరు.

"ఏమో సారూ, నాకు తెలిస్తే గిట్లెందుకు చేస్త?"

"చూద్దాం పా."

ఇద్దరూ మొదటి బండి చుట్టూ తిరిగారు. హారను కాదన్నాడు హాతీరాం, అది ఎద్దు అరుపు. అద్దం డాక్టరు కాదన్నాడు, అది కన్ను. తలుపు తీసి ఇద్దరూ లోపలికి తొంగి చూశారు.

"తలుగంటే మనిషి చేత్తో పట్టి నడిపించేది, అంతేనా?" అన్నాడు డాక్టరు. "స్టీరింగు నేనియ్యలేను."

"అది అడగ సారూ."

డాక్టరు డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. గేరు రాడ్డు మీద నల్లటి గుండు, దాని మీద అంకెలన్నీ హాతీరాం అరచేతి కింద ఇరవై ఏళ్ళు నలిగి అరిగిపోయి ఉన్నాయి. ఆయన దాన్ని గట్టిగా పట్టుకున్నాడు. తర్వాత తిప్పడం మొదలుపెట్టాడు. బిగిసిపోయిన మరలు కిర్రుమన్నాయి.

"సారూ, వద్దు" అన్నాడు హాతీరాం. "పుట్టినప్పుడు ఎట్లుందో గట్లనే ఉండాలంటిరి గద. అసలుది పోతే మల్ల దొరకదు."

"దొరకదు" అన్నాడు డాక్టరు, తిప్పుతూనే. "కొన్నోడు తన తలుగు తను తెచ్చుకోవాలంటివి గద. నేను తెచ్చుకోలే. తప్పు నాది కూడ ఉన్నది."

గుండు ఊడి వచ్చింది. డాక్టరు దాన్ని హాతీరాంకు ఇవ్వలేదు. కొట్టం దాకా నడిచి చాంది చేతిలో పెట్టాడు. చాంది దాన్ని కొంగులో ముడి వేసుకొని, లోపలికి పోయి చెంబుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. హాతీరాం రేకును దాని పాత రంధ్రాల మీద పెట్టి రివెట్లు కొట్టాడు, తండ్రి ఉంటే చెయ్యి వేసి చూసేంత శుభ్రంగా.

సాయంత్రం పొద్దు ఉండగానే డాక్టరు బయల్దేరాడు. మరల కొసలున్న బోసి ఇనుప కడ్డీని పట్టుకొని మొదటి గేరు వేశాడు. హైదరాబాద్ దాకా అది అరచేతిని కోస్తూనే ఉంటుంది. హాతీరాం దారి మధ్యలో నిలబడి చెవులు పెట్టి విన్నాడు. మలుపు దగ్గర బండి ఊపిరి తగ్గించింది. ఆయన చెయ్యి తీస్తాడేమో, నొప్పికి గేరు తప్పుతాడేమో అని హాతీరాం తన అరచేతిని తనే మూసుకున్నాడు. మూడో గేరు మెత్తగా, తను వేసినట్టే పడింది.